పని బల్లకు కలప కావాలంటే అడవికే పోనక్కర లేదు

పాత మిద్దె దూలం, చేనిగట్టు తుమ్మ, వంకలోని కంప చాలు - ఎంచుకోవడంలోనే వుంది నేర్పంతా

కడప బండ, బేతంచెర్ల బండ ఎక్కడెక్కడికో ఎగుమతి అవుతున్నాయి. రాయికి కొదవ లేని ఈ సీమలో కొయ్యకు మాత్రం ఎప్పుడూ కరువే. వాన తక్కువ, ఎండ ఎక్కువ. చేనిగట్టు మీద మొలిచిన మాను నిలువుగా ఎదిగి చేవ పట్టాలంటే ఒక తరం గడవాలి. అడవిలోని మాను మీద గొడ్డలి వేస్తే కేసు. పట్నంలోని అడితికి పోతే ధర విని వెనక్కి తిరగాలి. ఈ మూడింటి మధ్య నలుగుతున్నవాడు పల్లెలోని వడ్రంగి.

ఒకప్పుడు కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో వడ్రంగికి ఏడాది పొడుగునా చేతినిండా పని వుండేది. నాగలి, గొర్రు, గుంటక, కాడిమాను, బండిచక్రం అన్నీ అతని చేతి మీదుగానే చేలోకి పోయేవి. ఆ పనికి బల్ల అక్కర లేదు. చెట్టు కింద మొద్దు వేసుకుని, నేల మీద కూర్చుని, కొయ్యను కాలితో అదిమిపట్టి బాడిశతో చెక్కేవారు. ట్రాక్టరు వచ్చింది, కాడి మూల పడింది. ఇప్పుడు పల్లెలో వడ్రంగికి దొరికే పని తలుపులు, కిటికీలు, మంచాలు, అలమరలు, బడి బల్లలు. ఏడడుగుల తలుపు చట్రం కాలి కింద అదిమిపట్టి చిత్రిక పడితే తిన్నగా రాదు. కరెంటు చిత్రిక అయితే మరీ ప్రమాదం. నిలబడి చేసుకునేందుకు, పట్టు వదలని, కదలని బల్ల ఒకటి తప్పనిసరి అవుతున్నది.

బల్ల లేని వడ్రంగి పెద్ద పనులు ఒప్పుకోలేడు. మరమ్మతులకే పరిమితం అవుతాడు. లేదా పట్నంలో మరొకరి కొట్టంలో కూలికి నిలబడతాడు. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్ దారి పట్టడం ఏనాటి నుంచో వున్నదే. ఊళ్లో నిలదొక్కుకోవాలనుకునే కుర్రవాడికి మొదటి పెట్టుబడి ఈ బల్లే. దానికి కలప ఎక్కడిదన్నదే ప్రశ్న.

టేకే కావాలా?

బల్ల అనగానే చాలామందికి టేకు గుర్తుకు వస్తుంది. వంకర తిరగదు, చెద పట్టదు, చిత్రికకు లొంగుతుంది. ఇవన్నీ నిజమే. కానీ ఆ గుణాలకు డబ్బు పెట్టవలసింది వాకిలికి, తలుపుకు. పని బల్లకు కావలసిన మొదటి గుణం బరువు. రెండవది దెబ్బకు తట్టుకోవడం. చిత్రిక తోసినప్పుడు బల్ల జరగకూడదు, కొయ్యసుత్తితో కొట్టినప్పుడు ఎగిరిపడకూడదు. ఈ రెండింటిలో మన నల్లతుమ్మ, చింత, వేప టేకుకు తీసిపోవు. ఘనపుటడుగు టేకు ఎండిన తరువాత సుమారు 18, 19 కిలోలు తూగితే, తుమ్మ 22 కిలోలకు పైబడి తూగుతుంది.

ఈ విషయం కొత్తదేమీ కాదు. ఫ్రాన్సు దేశంలో రూబో అనే వడ్రంగి 1769 నుంచి కొన్నేళ్లపాటు సంపుటాలుగా వెలువరించిన గ్రంథంలో పని బల్ల గురించి వివరంగా రాశాడు. రాజుల ఇళ్లకు వాడే ఖరీదైన కలపను ఆయన బల్లకు చెప్పలేదు. ఆ దేశంలో దొరికే ఎల్మ్, బీచ్ వంటి బరువైన మామూలు కలపనే మందంగా కోసి వాడమన్నాడు. ఎక్కడి వడ్రంగి అయినా తన ఊరి చుట్టూ దొరికే గట్టి కొయ్యతోనే బల్ల చేసుకున్నాడు. మన సీమకూ అదే సూత్రం.

అడవి దారి మూసుకున్నది

నల్లమల, లంకమల, పాలకొండలు, వెలికొండలు, శేషాచలం - చుట్టూ కొండలే, అడవులే. అయినా ఆ కలప ఇప్పుడు వడ్రంగికి కాదు. నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి తెచ్చారు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించాక, 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో దేశమంతటా అడవుల్లో కోత మీద, కోత మిల్లుల మీద కట్టడి బిగిసింది.

ఎర్రచందనం సంగతి చెప్పనక్కర లేదు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఆ మాను మన కొండల సొత్తు. నీటిలో వేస్తే మునిగేంత బరువు. 1995 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద దాని వ్యాపారం మీద నిఘా వుంది. 2016లో రాష్ట్ర అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. సొంత పట్టా భూమిలో పెంచుకున్నా నరకడానికి, తరలించడానికి అనుమతి కావాలి. అందుచేత ఎవరైనా తక్కువ ధరకు చీకటిలో తెచ్చి ఇస్తానన్న ఎర్ర దుంగను బల్ల కాళ్లకని తీసుకుంటే, బల్ల తయారయ్యే లోపల కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది. అడవి కలప ఏదైనా సరే, రసీదు లేనిది కొట్టంలోకి రానీయకపోవడం మేలు.

పాత మిద్దెలో దాగిన కలప

మరి కలప ఎక్కడ వుంది? మొదటి చోటు పాత మిద్దె ఇల్లు. ఈ జిల్లాల్లో తాతల నాటి మట్టి మిద్దెలు ఏటికేడు విప్పుతున్నారు. వాటి స్థానంలో సిమెంటు స్లాబు వేస్తున్నారు. విప్పిన ఇంటి దూలాలు, దంతెలు, స్తంభాలు చాలా చోట్ల పొయ్యిలోకో, ఇటుక బట్టీకో పోతున్నాయి. అందులో వేప, యేపి, మద్ది, అరుదుగా టేకు కూడా వుంటుంది. యాభై అరవై ఏండ్లు ఇంటి నీడన ఎండిన కొయ్య అది. ఇక ముడుచుకునేది, వంకర తిరిగేది పెద్దగా వుండదు. పచ్చి కలప కొని ఏండ్ల తరబడి కాచుకునే బాధ తప్పుతుంది.

ముంపు ఊళ్లవారికి ఈ కలప విలువ బాగా తెలుసు. 1981లో శ్రీశైలం జలాశయానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు ఖాళీ అయినప్పుడూ, 2020లో గండికోట నీరు తాళ్లపొద్దుటూరును చుట్టుముట్టినప్పుడూ ఇల్లు పోయినవారికి మిగిలిన ఆస్తిలో దూలాలు, వాకిళ్లు కూడా ఒక భాగమే.

పాత దూలం కొనేటప్పుడు మూడు పరీక్షలు చేయాలి. మొదటిది, గోడలో వున్న రెండు కొసలను ఉలితో పొడిచి చూడడం. చెమ్మ, చెద అక్కడే చేరతాయి. కొసలు పుచ్చినా నడుమ భాగం గట్టిగా వుండవచ్చు. పదడుగుల దూలంలో చెరొక అడుగున్నర కోసి పారేసినా ఏడడుగులు దక్కుతుంది. రెండవది, గొడ్డలి మడమతో తట్టి వినడం. ఖంగుమంటే చేవ నిలిచినట్టు, బొదబొదమంటే లోపల బోలు పడినట్టు. మూడవది మేకులు. పాత మేకు ఒకటి మిగిలిపోయినా కోత మిల్లులో రంపం పళ్లు పోతాయి, ఆ ఖర్చు మన నెత్తిన పడుతుంది. అయస్కాంతం ఒకటి కొయ్య పొడుగునా జరిపి, చిక్కిన ప్రతి మేకునూ పీకించిన తరువాతనే మిల్లుకు తోలాలి.

చేనిగట్టు మీది మాను

రెండవ చోటు పట్టా భూమి. నల్లతుమ్మ బండిచక్రానికి, నాగలికి తరతరాలుగా వాడిన కొయ్య. గట్టిది, తొందరగా పగలదు. అయితే పైనున్న తెల్లచెక్కకు పురుగు పడుతుంది. అందుకే పెద్దలు తుమ్మ దుంగను చెరువులోనో, కుంటలోనో కొన్ని వారాలు నానవేసి తరువాత ఎండబెట్టేవారు. నీటిలో వుండగా పురుగుకు ఆహారమైన గంజి పదార్థం కరిగి తగ్గుతుంది. తుమ్మలో వగరు ఎక్కువ. తడి కొయ్యలో ఇనుప మేకు కొడితే చుట్టూ నల్లగా మరక దిగుతుంది. కనుక మేకులకు బదులు బెజ్జం పొడిచి, కొయ్య చీలలు దిగ్గొట్టుకోవడం మంచిది.

వేప మధ్యస్థం. చేదు వల్ల పురుగు అంతగా చేరదు, కోతకు లొంగుతుంది. కాని పొర అడ్డదిడ్డంగా నడవడం వల్ల చిత్రిక పట్టేటప్పుడు అక్కడక్కడా లేస్తుంది. వేపను నరకడానికి మనసొప్పని ఇళ్లు చాలా వున్నాయి. పడిపోయిన మాను దొరికితే చూసుకోవచ్చు. 2021 చివరలో తెలుగు నేలమీద వేప చెట్లు కొసల నుంచి మాడిపోయి ఎండినట్టు కనిపించాయి. వాటిలో చాలా మానులు తరువాత చిగురించాయి. మాడినట్టు కనిపించిన చెట్టును వెంటనే కొట్టివేయడం తొందరపాటు అవుతుంది.

చింతలో చేవ ముదురు రంగులో, ఇనుములా వుంటుంది. గానుగకు, రోకలికి, మాంసం కొట్టే మొద్దుకు దాన్ని వాడింది అందుకే. కాని చేవ భాగం చిన్నది, తెల్లచెక్క పెద్దది. పలకలు తీయడం కష్టం. కొయ్యసుత్తికి, బల్ల పట్టుడు చెక్కకు అది సరిపోతుంది. రైల్వేకోడూరు, రాజంపేట వైపు పాత మామిడి తోటలు కొట్టేసినప్పుడు మామిడి పలక చౌకగా దొరుకుతుంది. కానీ అది మెత్తన, పురుగుకు ఇష్టం. పండ్ల పెట్టెలకు బాగుంటుంది గాని దెబ్బ తినే బల్ల తలకు నప్పదు.

కమలాపురం తెచ్చిన కంప

మూడవ చోటును ఎవరూ లెక్కలో వేసుకోరు. అది వంకలు, చెరువులు, బీళ్లు ఆక్రమించిన సర్కారు తుమ్మ. కంపచెట్టు అని తిట్టుకునే ఈ మానుకు మన జిల్లాతో పాత చుట్టరికం వుంది. మద్రాసు రాజధాని ఉత్తర వలయానికి అటవీ సంరక్షణాధికారిగా వున్న కర్నల్ బెడ్డోమ్ 1876లో దీని విత్తనాల కోసం ప్రభుత్వానికి రాశాడు. 1877లో విత్తనాలు వచ్చాయి. వాటిని నాటింది కడప జిల్లా కమలాపురంలో. వంటచెరకు కొరత తీర్చడానికి తెచ్చిన చెట్టు పొలాలను కమ్మేసి రైతుకు శత్రువైంది.

ఈ శత్రువులో ఒక మంచి గుణం దాగి వుంది. దీని చేవ గట్టిది, బరువైనది. ఎండేటప్పుడు ముడుచుకోవడం మేలైన కలపలతో పోల్చినా తక్కువ. అమెరికాలోని టెక్సాసులో దీని జాతికే చెందిన మెస్కీట్ కొయ్యతో బల్లలు, గది నేలకు పరిచే చెక్కలు చేస్తారు. ఇక్కడ మాత్రం బొగ్గుకు, పొయ్యికి తప్ప దాని ముఖం ఎవరూ చూడరు.

దాని లోపం పొడుగు లేకపోవడం. తిన్నగా మూడడుగుల ముక్క దొరకడం గగనం. అయితే బల్ల కాలికి కావలసింది రెండున్నర అడుగులే. ముదురు కంపల మొదళ్లలో వెతికితే నాలుగు కాళ్లకు నాలుగు ముక్కలు దొరకకపోవు. తెల్లచెక్క పూర్తిగా తీసేసి, ముదురు చేవను మాత్రమే వాడాలి. ముల్లు గుచ్చుకుంటే చీము పడుతుంది కనుక నరికేటప్పుడు కాళ్లకు గట్టి చెప్పులు, చేతికి తొడుగులు తప్పనిసరి.

ఎంత కలప కావాలి?

కొనడానికి పోయే ముందు లెక్క చేతిలో వుండాలి. ఆరడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, మూడంగుళాల మందం గల బల్ల తలకు రెండుంపావు ఘనపుటడుగులు పడుతుంది. నాలుగంగుళాల చదరం, రెండున్నర అడుగుల పొడుగు గల నాలుగు కాళ్లకు అడుగు మీద కొంచెం. నాలుగంగుళాలకు మూడంగుళాల అడ్డకమ్ములు మొత్తం 12 అడుగుల పొడుగు అయితే మరొక అడుగు. వెరసి నాలుగున్నర ఘనపుటడుగుల లోపు. గట్టి కొయ్యతో చేస్తే బల్ల క్వింటాలు దాకా తూగుతుంది. అంత బరువు వుంటేనే చిత్రిక తోపుకు కదలకుండా నిలుస్తుంది. కాళ్లూ తలా కలిపి 33 అంగుళాల ఎత్తు వస్తుంది. నిటారుగా నిలబడి చేయి కిందికి వదిలితే మణికట్టు దగ్గరికి బల్ల రావాలి. పొట్టివారు ఆ మేరకు కాళ్లు తగ్గించుకోవచ్చు.

దుంగ కొలవడానికి అడితుల్లో పాత లెక్క ఒకటుంది. నడుమ చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే హెచ్చించి, అడుగుల పొడుగుతో హెచ్చించి, 144తో భాగించాలి. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడుగు ఆరడుగులు అయితే, నాలుగో వంతు 12. పన్నెండు పన్నెండ్లు 144, ఇంటూ 6, భాగించు 144. అంటే ఆరు ఘనపుటడుగులు. నిజానికి దుంగలో ఏడున్నర అడుగులకు పైగానే వుంటుంది. బెరడు, కోత తరుగు కింద ఈ లెక్క అయిదో వంతు వదిలేస్తుంది. అయినా కోసిన తరువాత చేతికి వచ్చేది ఇంకా తగ్గుతుంది. తల పలకలకు ఇటువంటి దుంగ ఒకటి, కాళ్లకు చిన్నది మరొకటి వుంటే బల్లకు సరిపోతుంది. ఈ లెక్క రాని కొనుగోలుదారుకు తూకంలో మోసం జరిగినా తెలియదు.

కోత మిల్లులో మరొక జాగ్రత్త. దుంగ నడిబొడ్డున వుండే గుజ్జు చుక్క పలకలో గాని, కాలిలో గాని పడకుండా కోయించాలి. ఆ చుక్క వున్న కొయ్య ఎండేకొద్దీ దాని చుట్టూ తప్పకుండా పగులుతుంది.

ఎండబెట్టడంలోనే వుంది కిటుకు

సీమలో కలప చెడేది చెమ్మకు కాదు, తొందరగా ఎండడం వల్ల. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన వడగాలికి పచ్చి దుంగ కొసలు వారం తిరగకుండా నోరు తెరుస్తాయి. అందుకే కోత కార్తీకం నుంచి పుష్యం లోపల, చలిలో పూర్తి చేయాలి. కొసలకు పాత రంగు గాని, మైనం గాని, అదీ లేకపోతే పేడ, బంకమన్ను కలిపి గాని పట్టించాలి. పలకలను నీడలో, నేలకు జానెడు ఎత్తున, ఒకదాని మీద ఒకటి పేర్చి నడుమ నడుమ ఒకే మందం గల సన్నని బద్దలు పెట్టాలి. పైన బరువు వుంచాలి.

అంగుళం మందానికి ఏడాది అనేది పాత లెక్క. ఆ ప్రకారం మూడంగుళాల పలకకు మూడేండ్లు. అంత ఆగలేనివారు ఒకటిన్నర అంగుళాల పలకలుగా కోయించి, ఎండిన తరువాత రెండేసి జిగురుతో అతికించుకుంటే సగం కాలం కలిసి వస్తుంది. ఎండిందీ లేనిదీ తెలుసుకోవడానికి యంత్రం అక్కర లేదు. కిరాణా కొట్టు తక్కెడ చాలు. పలకల్లో ఒక ముక్కను వారం వారం తూచి రాసుకోవాలి. కొన్ని వారాలు వరుసగా తూకం తగ్గకుండా నిలిచిందంటే కొయ్య మన గాలికి అలవాటు పడిందన్నమాట.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే బల్ల తలకు పాత మిద్దె దూలం, కాళ్లకు తుమ్మ లేదా కంప చేవ, అడ్డకమ్ములకు వేప వాడడం ఈ ప్రాంతానికి నప్పుతుంది. తల వెంటనే దొరుకుతుంది. కాళ్లు, కమ్ములు చిన్నవి కనుక త్వరగా ఎండుతాయి.

కాగితం మరువరాదు

సొంత చేనిలోని చెట్టే కదా అని గొడ్డలి ఎత్తడం కూడా చిక్కు తెస్తుంది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం కింద పట్టా భూమిలోని చెట్టు నరకడానికీ అనుమతి తీసుకోవాలి. కలప రోడ్డెక్కితే తరలింపు కాగితం వుండాలి. కొన్ని రకాల చెట్లకు మినహాయింపులు వున్నాయి. ఏ చెట్టుకు వర్తిస్తుందో నరకకముందే అటవీ రేంజి ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. పాత దూలం కొన్నవారు ఇంటి యజమాని చేత ఫలానా ఇల్లు విప్పగా వచ్చిన కలప అని చీటీ రాయించుకుని, విప్పకముందు ఇంటి ఫొటో ఒకటి తీసి వుంచుకుంటే దారిలో ఆపినప్పుడు చూపించుకోవచ్చు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో వడ్రంగులు సహా 18 వృత్తులవారు వున్నారు. పనిముట్లకు 15 వేల రూపాయలు, మొదటి విడతలో లక్ష, రెండో విడతలో రెండు లక్షల రూపాయల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఇవ్వడం పథకంలోని అంశాలు. ఉలి, చిత్రిక, కరెంటు రంపం వస్తాయి. వాటిని పెట్టి పని చేసే బల్లకు, ఆ బల్ల కలపకు దారి చూపడం కూడా అవసరం. అటవీ శాఖ కలప డిపోల్లో వేలం పాటలు పెద్ద వ్యాపారులకు అనువుగా వుంటాయి. అయిదారు ఘనపుటడుగుల చిన్న కుప్పలను పల్లె వడ్రంగులకు నిర్ణీత ధరకు విడిగా కేటాయిస్తే దొంగ కలప వైపు చూసే పని తప్పుతుంది. చెరువుల్లో కంప తొలగించే పనులు చేపట్టినప్పుడు ముదురు మొదళ్లను బొగ్గుకు పంపకముందే ఊరి వడ్రంగిని పిలిచి చూపించమని పంచాయతీలు కాంట్రాక్టర్లకు చెప్పవచ్చు. దానికి ప్రత్యేకంగా నిధులు కూడా అక్కర లేదు.

ఒక ఇంటి దూలం పొయ్యిలో వేస్తే నాలుగు రోజుల వంటకు వస్తుంది. వడ్రంగి కొట్టంలో నిలబెడితే ముప్పయ్యేళ్లు ఒక కుటుంబానికి అన్నం పెడుతుంది. మిద్దె విప్పుతున్న రైతులు కలపను కట్టెల కింద తెగనమ్మకముందు ఊరి వడ్రంగికి ఒక మాట చెప్పడం ఉభయులకూ లాభం.